పైథాన్ కొత్త వెర్షన్ వేస్తున్నారా? పాతది తీసేయొద్దు.. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఇలా ఉంచుకోండి

నంద్యాల: కొత్త వెర్షన్ వచ్చింది కాబట్టి పాతది తీసేయాలి.. ఫోన్‌లో యాప్‌లు అప్‌డేట్ చేసీ చేసీ అందరికీ అలవాటైన లెక్క ఇది. పైథాన్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. పాత వెర్షన్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తది వేసిన రోజే, నిన్నటిదాకా బాగా నడిచిన ప్రాజెక్ట్ ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టొచ్చు. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. రివ్యూకి ఇంకా రెండు రోజులే ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఫైనల్ ఇయర్ వాళ్లను అడిగితే చెబుతారు.

నిజానికి పైథాన్‌లో పాత, కొత్త వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండొచ్చు. ఒకదానికి ఒకటి అడ్డం రాకుండా ఉండేలాగే వాటిని తయారు చేశారు. తెలియాల్సింది ఒక్కటే.. మీరు పిలిచినప్పుడు ఏ వెర్షన్ పలుకుతోంది? ఇది పట్టుకుంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

ఇంట్లో ఒకటి.. ల్యాబ్‌లో ఇంకొకటి

1995లో మొదలైన రాజీవ్ గాంధీ మెమోరియల్ కాలేజీ, ఆ తర్వాత వచ్చిన శాంతిరామ్ కాలేజీ.. నంద్యాలలో ఇంజినీరింగ్ చదువు కొత్తేమీ కాదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు 40వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. ఇంటి దగ్గర కోడ్ రాసుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పొద్దున్నే బస్సెక్కే విద్యార్థికి ఒక చిక్కు ఉంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఒక వెర్షన్. ల్యాబ్‌లో ఇంకో వెర్షన్. ప్రాజెక్ట్ కోడ్ ఇచ్చిన సీనియర్ దగ్గర మూడోది.

దీనివల్ల ఏమవుతుందో చిన్న ఉదాహరణ చూడండి. పైథాన్ 3.10లో 'మ్యాచ్' అనే కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది. 3.12 నుంచి ఎఫ్-స్ట్రింగ్ లోపల కూడా అదే రకం కోట్స్ వాడుకోవచ్చు. ఇంట్లో 3.12 మీద ఇవి రెండూ చక్కగా నడుస్తాయి. అదే ఫైల్‌ను 3.8 ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ల్యాబ్ పరీక్షలో ఎక్స్‌టర్నల్ ముందు ఈ ఎర్రర్ వస్తే, 'సార్, ఇంట్లో వచ్చింది' అని చెప్పినా ఎవరూ వినరు.

రివర్స్‌లో కూడా ఇదే కథ. పాత కోడ్ కొత్త వెర్షన్‌లో ఆగిపోతుంది. 'నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్' అనే ఎర్రర్ చాలామందికి తెలిసిందే. డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్‌ను 3.12లో పూర్తిగా తీసేశారు. దాంతోపాటే 'ఐఎంపీ' అనే మాడ్యూల్ కూడా పోయింది. 3.13 వచ్చేసరికి 'సీజీఐ' మాడ్యూల్‌కు కూడా సెలవిచ్చేశారు. అంటే మూడేళ్ల కిందటి ప్రాజెక్ట్‌ను ఈ రోజు కొత్త పైథాన్ మీద నడిపితే ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. తప్పు కోడ్ రాసినవాళ్లది కాదు, మీదీ కాదు.

అసలు ఇన్ని వెర్షన్లు ఎందుకు?

గిడో వాన్ రోసమ్ 1991 ఫిబ్రవరిలో పైథాన్‌ను తొలిసారి బయటపెట్టారు. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3 పెద్ద మలుపు. పాత పైథాన్ 2 కోడ్ అందులో నేరుగా నడవదని తయారు చేసినవాళ్లే ముందుగా చెప్పారు. పైథాన్ 2ను 2015లో ఆపేద్దామని అనుకుని, జనం ఇంకా మారలేదని గడువును 2020 జనవరి 1 దాకా పెంచారు. ఆ వరసలో ఆఖరిది 2.7.18.. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది.

పైథాన్ 3కి ఎందుకు మారాలి అనేదానికి తెలుగువాళ్లకు అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. 'ఆళ్లగడ్డ' అని రాసి, ఇందులో ఎన్ని అక్షరాలున్నాయని పైథాన్‌ను అడగండి. మన కంటికి కనిపించేవి నాలుగే.. ఆ, ళ్ల, గ, డ్డ. పైథాన్ 3 ఎనిమిది అంటుంది. అది ఒత్తులను, హల్లులను విడివిడిగా లెక్కపెడుతుంది. ఇదే పైథాన్ 2లో, ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి మామూలు స్ట్రింగ్‌గా అడిగితే 24 అంటుంది! ఒక్కో దానికి మూడు బైట్లు చొప్పున అది బైట్లను లెక్కపెట్టింది. నంద్యాలకైతే పైథాన్ 3లో 7, పైథాన్ 2లో 21. తెలుగు పేర్లతో, ఊళ్ల పేర్లతో డేటా పని చేసేవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

ఇక 2020 అక్టోబర్‌లో వచ్చిన 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తోంది. 2023లో 3.12, 2024లో 3.13, 2025లో 3.14 వచ్చాయి. ప్రతి వెర్షన్‌కూ దాదాపు ఐదేళ్ల ఆయుష్షు. 3.8 గడువు 2024 అక్టోబర్‌లో, 3.9 గడువు 2025 అక్టోబర్‌లో అయిపోయాయి. 3.10కి 2026 అక్టోబర్ వరకే ఉంది. గడువు దాటిన వెర్షన్ నడవడం ఆగదు. కానీ అందులో ఏదైనా సెక్యూరిటీ లోపం బయటపడితే సరిచేసేవాళ్లు ఉండరు.

నంబర్‌లో ఏ అంకె మారిందో చూడండి

ఇక్కడే చాలామంది పొరపడతారు. 3.12.3 ఉన్న కంప్యూటర్‌లో 3.12.10 వేస్తే, పాతది పోయి దాని స్థానంలోకి కొత్తది వస్తుంది. ఇది చిన్న మరమ్మతు లాంటిది. భయపడాల్సింది లేదు. కానీ 3.11 ఉండగా 3.12 వేస్తే అది వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. పాతది చెక్కుచెదరదు. అంటే రెండో అంకె మారితే కొత్త కాపురం, మూడో అంకె మారితే ఉన్న ఇంటికే సున్నం.

విండోస్‌లో ఆ ఫోల్డర్లు ఎక్కడుంటాయంటే.. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, తర్వాత యాప్‌డేటా, లోకల్, ప్రోగ్రామ్స్, పైథాన్. అక్కడ 'పైథాన్311', 'పైథాన్312' అని పక్కపక్కనే కనిపిస్తాయి. యాప్‌డేటా ఫోల్డర్ మామూలుగా కనిపించదు. ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటెమ్స్ ఆన్ చేయాలి.

విండోస్‌లో ఏ వెర్షన్ ఎవరికి?

పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లు ముందుగా ఇది చూసుకోవాలి. విండోస్ 7 మీద నడిచే ఆఖరి పైథాన్ 3.8. అంతకన్నా కొత్తది వేయబోతే ఇన్‌స్టాలరే ఒప్పుకోదు. విండోస్ 8.1కి ఆఖరిది 3.12. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే విండోస్ 10 అయినా ఉండాలి. 32 బిట్ విండోస్ ఉన్న సిస్టమ్‌లో పైథాన్ పడుతుంది కానీ, టెన్సర్‌ఫ్లో లాంటి లైబ్రరీలు పడవు. వాటికి 64 బిట్ కావాల్సిందే.

డౌన్‌లోడ్ పేజీలో ఇంకో తిరకాసు ఉంది. పాత వెర్షన్‌లో అన్నిటికన్నా పెద్ద నంబర్ ఉన్నదాన్ని తెరిస్తే, విండోస్ ఇన్‌స్టాలర్ కనిపించదు. 'సైట్‌లో ఫైల్ లేదు' అని వదిలేసేవాళ్లు ఉన్నారు. కారణం ఏంటంటే, వెర్షన్ కాస్త పాతబడ్డాక సెక్యూరిటీ మార్పులను సోర్స్ కోడ్‌గా మాత్రమే విడుదల చేస్తారు. విండోస్ ఇన్‌స్టాలర్ తయారు చేయరు. కాబట్టి రెడీగా ఇన్‌స్టాలర్ దొరికే ఆఖరి నంబర్లు ఇవి: 3.8కి 3.8.10, 3.9కి 3.9.13, 3.10కి 3.10.11, 3.11కి 3.11.9, 3.12కి 3.12.10. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పైథాన్.ఆర్గ్ సైట్‌లోనే దొరుకుతాయి. వేరే సైట్లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికే ఫైళ్ల జోలికి వెళ్లొద్దు. ఒక్కో ఇన్‌స్టాలర్ సుమారు 25 ఎంబీ. మొబైల్ డేటాతో కూడా అయిపోతుంది.

ఆ టిక్ పెట్టే ముందు ఆగండి

ఇన్‌స్టాలర్ తెరవగానే కింద రెండు చెక్‌బాక్సులు ఉంటాయి. ఒకటి అడ్మిన్ అనుమతితో లాంచర్ వేయాలా అని అడుగుతుంది. కాలేజీ ల్యాబ్‌లోనో, నెట్ సెంటర్‌లోనో అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు. ఆ టిక్ తీసేస్తే మీ యూజర్ వరకు పైథాన్ పడిపోతుంది.

రెండోది పైథాన్‌ను పాథ్‌లో చేర్చాలా అని అడిగే బాక్స్. యూట్యూబ్ వీడియోల్లో అందరూ 'ఇది తప్పకుండా టిక్ చేయండి' అంటారు. మొదటిసారి వేస్తున్నవాళ్లకు అది మంచి సలహానే. కానీ ఇప్పటికే ఒక పైథాన్ ఉండి, రెండోది వేస్తుంటే మాత్రం ఆ టిక్ వద్దు. పాథ్ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల కోసం వరసగా వెతికే ఫోల్డర్ల జాబితా. కొత్తది ఆ వరసలో ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఇక 'పైథాన్' అని టైప్ చేసినప్పుడల్లా కొత్తదే పలుకుతుంది. పాత ప్రాజెక్ట్ దానికి తెలియదు, దాని లైబ్రరీలు దానికి కనిపించవు. పాతది పోయిందని కంగారు పడతారు.. అది ఎక్కడికీ పోలేదు, వరసలో వెనక్కి వెళ్లిందంతే.

మరి పాథ్ లేకుండా ఎలా పిలవాలి? దానికే లాంచర్ ఉంది.

రెండక్షరాల కమాండ్.. పీవై

(ఇక్కడి నుంచి కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో ఉన్నాయి. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. పీవై అంటే పీ, వై.. రెండక్షరాలు. ఎం అంటే ఒక్క అక్షరం.)

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పీవై -0పీ' అని కొట్టండి. మధ్యలో ఉన్నది సున్నా, ఓ అక్షరం కాదు. మీ కంప్యూటర్‌లో ఉన్న పైథాన్లన్నీ, ఏవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో సహా వరసగా వచ్చేస్తాయి. పక్కన నక్షత్రం గుర్తు ఉన్నది డిఫాల్ట్. మీరేమీ చెప్పకపోతే పలికేది అదే.. మామూలుగా ఉన్నవాటిలో కొత్తది.

ఇక 'పీవై -3.11' అంటే 3.11 తెరుచుకుంటుంది. 'పీవై -3.13' అంటే 3.13. ఫైల్ నడపాలంటే దాని వెనకే ఫైల్ పేరు. ఎప్పుడూ పాతదే డిఫాల్ట్‌గా ఉండాలనుకుంటే 'సెట్‌ఎక్స్ పీవై_పైథాన్ 3.11' అని ఒకసారి కొట్టి, విండో మూసి మళ్లీ తెరవండి. ఈ ఒక్క కమాండ్‌లో పీవై_పైథాన్ అన్నది పెద్ద అక్షరాల్లో రాయడం వాడుక.

3.14తో పాటు పైథాన్ ఇన్‌స్టాల్ మేనేజర్ అనే కొత్త టూల్ కూడా వచ్చింది. అది ఉంటే ఇన్‌స్టాలర్ ఫైళ్లు వెతుక్కునే పని లేదు. 'పీవై ఇన్‌స్టాల్ 3.12' అంటే చాలు, అదే దించి పక్కన పెడుతుంది. 'పీవై లిస్ట్' అంటే ఉన్నవన్నీ చూపిస్తుంది. కంప్యూటర్‌లో పాత లాంచర్ కూడా ఉంటే రెండింటికీ పేరు ఒకటే కాబట్టి గందరగోళం రావొచ్చు. అప్పుడు 'పీవై' బదులు 'పైమేనేజర్' అని పిలవాలి.

ఇంకో చిన్న చికాకు.. 'పైథాన్' అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం. పైథాన్ వేసి ఉన్నా ఇలా జరుగుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్ అనే చోటికి వెళ్లి పైథాన్ పక్కనున్న స్విచ్‌లు ఆఫ్ చేస్తే సరిపోతుంది.

పిప్ దగ్గరే అసలు మోసం

రెండు వెర్షన్లు ఉన్న కంప్యూటర్‌లో 'పిప్ ఇన్‌స్టాల్' అని ఊరికే కొడితే, లైబ్రరీ ఏ పైథాన్‌లోకి వెళ్తుంది? పాథ్‌లో ముందున్నదాంట్లోకి. మీరు నడుపుతున్నది ఇంకొకటి. లైబ్రరీ వేశానంటారు మీరు, లేదంటుంది పైథాన్. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

అందుకే పిప్‌ను ఒంటరిగా పిలవొద్దు. 'పీవై -3.11 -ఎం పిప్ ఇన్‌స్టాల్ నమ్‌పై' అని పూర్తిగా రాయండి. ఎవరి సంచిలో వేయాలో పేరు పెట్టి చెప్పినట్టు.

'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి' అని ఎర్రతో వచ్చే మెసేజ్ ఇంకొకటి. అది చూసి కొన్ని జీబీల బిల్డ్ టూల్స్ డౌన్‌లోడ్ పెట్టి, డేటా అంతా ఖర్చు చేసుకుంటారు. చాలాసార్లు అసలు సంగతి వేరు. ఆ లైబ్రరీని మీ కొత్త పైథాన్ కోసం ఇంకా రెడీమేడ్‌గా తయారు చేయలేదు, అందుకే మీ కంప్యూటర్‌లోనే తయారు చేయబోయి చతికిలపడుతోంది. లైబ్రరీ ఫైల్ పేరులో 'సీపీ311' అని ఉంటే అది 3.11కి, 'సీపీ312' అని ఉంటే 3.12కి అని అర్థం. మీ వెర్షన్ నంబర్ ఉన్న ఫైల్ లేకపోతే పక్కన ఒక మెట్టు పాత పైథాన్ వేసుకోవడమే తేలిక.

టెన్సర్‌ఫ్లో సంగతే చూడండి. పైథాన్ 3.12 వచ్చింది 2023 అక్టోబర్‌లో. దానికి టెన్సర్‌ఫ్లో 2.16 వచ్చేసరికి 2024 మార్చి అయింది. ఆ మధ్యలో 3.12 వేసుకుని మేజర్ ప్రాజెక్ట్ చేద్దామనుకున్నవాళ్లకు 'నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్' అనే జవాబే దొరికింది. పైగా ఆ 2.16తోనే కేరాస్ 3 డిఫాల్ట్‌గా వచ్చింది. పాత కేరాస్‌తో రాసిన సీనియర్ల కోడ్ అక్కడ ఇంకోసారి తడబడింది. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్ట్ చేసేవాళ్లు తాజా పైథాన్ కన్నా ఒకటి రెండు మెట్లు వెనక ఉండటమే మేలు. కొత్తదాని మీద మోజు ఉంటే పక్కన అది కూడా వేసుకోండి, ఎవరూ వద్దనరు.

ఒక్కో ప్రాజెక్ట్‌కు ఒక్కో గది

వెర్షన్లు విడివిడిగా ఉన్నా, ఒకే వెర్షన్ మీద రెండు ప్రాజెక్టులు ఉంటే లైబ్రరీలు కొట్టుకుంటాయి. ఒకదానికి పాత నమ్‌పై కావాలి, ఇంకోదానికి 2024లో వచ్చిన నమ్‌పై 2.0 కావాలి. దీనికి మందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్.

ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో నిలబడి 'పీవై -3.11 -ఎం వీఈఎన్‌వీ గది' అని కొట్టండి. ఆ వీఈఎన్‌వీ అనేది నాలుగక్షరాలు, 'గది' బదులు మీకు నచ్చిన పేరు. ఆ పేరుతో ఒక ఫోల్డర్ తయారవుతుంది. 'గది\స్క్రిప్ట్స్\యాక్టివేట్' అంటే లోపలికి వెళ్లినట్టు. ఎడమవైపు బ్రాకెట్‌లో దాని పేరు కనిపిస్తుంది. అక్కడి నుంచి 'పైథాన్' అన్నా, 'పిప్' అన్నా ఆ గదివే. బయటికి రావాలంటే 'డీయాక్టివేట్'. పవర్‌షెల్‌లో స్క్రిప్ట్‌లు నడపకూడదని అడ్డుకుంటే, మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రయత్నించండి. అక్కడ ఆ గొడవ ఉండదు.

వీఎస్ కోడ్ వాడేవాళ్లు ఇంకో పని చేయాలి. కింద కుడివైపు మూలన పైథాన్ నంబర్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి గదిలోని పైథాన్‌ను ఎంచుకోవాలి. టెర్మినల్‌లో ఒకటి, రన్ బటన్‌కు ఇంకొకటి ఉండి గంటల తరబడి తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ప్రాజెక్ట్ తీసుకెళ్లే విద్యార్థి గుర్తుపెట్టుకోవాల్సిందీ ఇక్కడే ఉంది. ఈ గది ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇంకో కంప్యూటర్‌లో పెడితే పనిచేయదు. పాత కంప్యూటర్‌లోని ఫోల్డర్ల చిరునామాలు దాని లోపల రాసి ఉంటాయి. తీసుకెళ్లాల్సింది మీ కోడ్, లైబ్రరీల జాబితా. గది లోపల ఉండి 'పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ' అంటే ఆ జాబితా ఫైల్‌గా వస్తుంది. అవతల కొత్త గది తయారు చేసి 'పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ' అంటే అవే లైబ్రరీలు, అవే నంబర్లతో పడతాయి. ఇది వచ్చినవాళ్లకు ల్యాబ్ వెర్షన్ ఏదైనా పెద్ద బాధ లేదు.

ల్యాబ్‌లో నెట్ రాదా? లేదా ఇంట్లో డేటా తక్కువా? నెట్ బాగున్న చోట 'పైథాన్ -ఎం పిప్ డౌన్‌లోడ్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ -డీ సరుకు' అని కొట్టండి. లైబ్రరీలన్నీ 'సరుకు' అనే ఫోల్డర్‌లోకి దిగుతాయి. ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి, అక్కడ 'పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ సరుకు -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ' అంటే నెట్ లేకుండానే పని అయిపోతుంది. షరతు ఒక్కటే.. రెండు చోట్లా పైథాన్ రెండో అంకె ఒకటే ఉండాలి, విండోస్ అయితే రెండూ విండోస్ కావాలి. టెన్సర్‌ఫ్లో ఒక్కటే వందల ఎంబీ ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి జేబుకూ మంచిది.

ఉబుంటులో మాత్రం జాగ్రత్త!

విండోస్‌లో పైథాన్ తీసేస్తే మీ ప్రాజెక్ట్ ఆగుతుంది. ఉబుంటులో తీసేస్తే కంప్యూటరే ఆగొచ్చు. ఎందుకంటే ఉబుంటు తన సొంత పనులకు కూడా పైథాన్‌నే వాడుకుంటుంది. 20.04లో 3.8, 22.04లో 3.10, 24.04లో 3.12.. ఇవి ఆ సిస్టమ్ సొత్తు. 'పాతది ఎందుకులే' అని 'సుడో యాప్ట్ రిమూవ్ పైథాన్3' కొడితే, దాన్ని నమ్ముకున్న డెస్క్‌టాప్ ప్యాకేజీలన్నీ వెంట పోతాయి. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్. తీసేసే ముందు అది ఒక పొడవాటి జాబితా చూపించి అడుగుతుంది. చదవకుండా 'వై' నొక్కడమే కొంప ముంచుతుంది. ఇప్పటికే అలా జరిగి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి లాగిన్ అయి, నెట్ కేబుల్ పెట్టి 'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్' అని ప్రయత్నించండి. ఫార్మాట్ చేయడం ఆఖరి మాటగా ఉండాలి.

ఇంకొందరు తీసేయరు కానీ, 'పైథాన్3' అనే పేరును కొత్త వెర్షన్‌కు తిప్పుతారు. అలా చేశాక 'నో మాడ్యూల్ నేమ్డ్ యాప్ట్_పీకేజీ' అనే ఎర్రర్ వస్తుంది, ఒక్కోసారి టెర్మినల్ కూడా తెరుచుకోదు. ఆ పేరును మళ్లీ సిస్టమ్ వెర్షన్‌కే తిప్పితే సర్దుకుంటుంది.

కొత్త వెర్షన్ కావాలంటే డెడ్‌స్నేక్స్ అనే పీపీఏ ఉంది. వలంటీర్లు నడుపుతున్నారు, ఉబుంటు అధికారికంగా ఇచ్చేది కాదు. దాన్ని చేర్చుకుని 'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3.11 పైథాన్3.11-వీఈఎన్‌వీ' అంటే అది పక్కన పడుతుంది. పిలవాలంటే 'పైథాన్3.11' అని పూర్తి పేరుతో పిలవాలి. సోర్స్ నుంచి సొంతంగా తయారు చేసుకునేవాళ్లు 'మేక్ ఇన్‌స్టాల్' బదులు 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్' వాడాలి. అలా అయితే పైథాన్3 అనే పేరు జోలికి అది వెళ్లదు. అడ్మిన్ పాస్‌వర్డ్ లేనివాళ్లకు 2024లో వచ్చిన 'యూవీ' అనే టూల్ బాగుంది. 'యూవీ పైథాన్ ఇన్‌స్టాల్ 3.11' అంటే మీ యూజర్ ఫోల్డర్‌లోనే పెడుతుంది. విండోస్‌లోనూ ఇదే కమాండ్.

24.04లో పిప్ వాడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేస్తుంది. అది లోపం కాదు, కాపలా. దాన్ని దాటవేసే ఆప్షన్ నెట్‌లో కనిపిస్తుంది, వాడొద్దు. గది తయారు చేసుకుని అందులో వేసుకోండి.

ఫోన్ ఒక్కటే ఉందా?

ఫోన్‌లో పైడ్రాయిడ్ 3, టెర్మక్స్ లాంటివి నేర్చుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ నచ్చిన వెర్షన్ ఎంచుకునే వీలు వాటిలో పెద్దగా ఉండదు. గూగుల్ కోల్యాబ్‌లో అయితే పైథాన్ నంబర్‌ను గూగుల్ తానే మారుస్తూ ఉంటుంది. అందుకే నోట్‌బుక్ మొదటి గడిలో 'ఇంపోర్ట్ సిస్' రాసి, 'సిస్.వెర్షన్'ను ప్రింట్ చేసి ఉంచండి. ఏ వెర్షన్ మీద నడిచిందో అందులోనే మిగిలిపోతుంది. ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులకూ ఇది పనికొస్తుంది. అక్కడ 3.10 కన్నా పాతది ఉందని తేలితే 'మ్యాచ్' మానేసి 'ఇఫ్, ఎలిఫ్'తో రాసుకోవాలి.

పాతది ఎప్పుడు తీసేయొచ్చు?

డిస్క్ నిండిపోతోంది, నాలుగైదు పైథాన్లు పోగయ్యాయి.. అప్పుడు తీసేయొచ్చు. ముందు ప్రతి ప్రాజెక్ట్ గదిలోకి వెళ్లి 'పైవీఈఎన్‌వీ.సీఎఫ్‌జీ' అనే చిన్న ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. 'హోమ్' అన్న లైన్‌లో అది ఏ పైథాన్ మీద ఆధారపడిందో, 'వెర్షన్' లైన్‌లో దాని నంబర్ ఏంటో ఉంటాయి. తీయాలనుకున్న వెర్షన్ ఎక్కడైనా కనిపిస్తే, ఆ ప్రాజెక్ట్ జాబితాను ఫ్రీజ్ చేసి, కొత్త వెర్షన్‌తో వేరే గది కట్టి, అందులో కోడ్ నడుస్తోందో లేదో చూడండి. నడిచాకే పాతది తీయాలి. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలో ఒక్కో వెర్షన్ ఒక్కో పేరుతో ఉంటుంది. వాటి మధ్యలో 'పైథాన్ లాంచర్' అని ఇంకొకటి విడిగా కనిపిస్తుంది.. అది పాత పైథాన్ కాదు, దాన్ని అలాగే ఉంచండి.